దాచుకునే బ్యాటుకి నూనె వద్దు: పాత చెక్క, తోలు ఆట సామాన్లను శుభ్రం చేసి ప్రదర్శనకు పెట్టడం ఎలా

పాత బ్యాటు చేతికి రాగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది అవిసె నూనె, ఆ తర్వాత శాండ్ పేపరు. తోలు బంతి అయితే షూ పాలిష్. ఇవన్నీ ఆడే రోజుల్లో అబ్బిన అలవాట్లు. రేపు గ్రౌండులో దిగాల్సిన బ్యాటుకి అవి అవసరమే. అద్దాల బీరువాలో ఇంకో తరం దాకా ఉండాల్సిన బ్యాటుకి మాత్రం అవే హాని చేస్తాయి. ఆడే వస్తువు దెబ్బకు తట్టుకోవాలి, దాచే వస్తువు ఉన్నది ఉన్నట్టు నిలవాలి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి పనీ ఎందుకో మీకే తెలుస్తుంది.

మన ఇళ్లలో ఇలాంటి వస్తువులకు కొదవ లేదు. అటక మీద జలంధర్, మీరట్ ముద్ర ఉన్న బ్యాట్లుంటాయి. 1947 విభజన తర్వాత, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ నుంచి వచ్చిన ఆట సామాన్ల పనివాళ్లు స్థిరపడింది ఆ ఊళ్లలోనే. మల్బరీ చెక్క వంపు తిరిగిన హాకీ కర్రలు, చెక్క చట్రంలో బిగించిన పాత రాకెట్లు కూడా కనిపిస్తాయి. హైదరాబాదులోనైతే తోలు ఫుట్‌బాల్ దొరికినా ఆశ్చర్యం లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నమెంటు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చారు. ఆ కాలపు బంతి మీ ఇంట్లో ఉంటే దాని మీద తడిగుడ్డ పెట్టే ముందు ఇది పూర్తిగా చదవండి.

ముందు చూడండి, తర్వాతే చెయ్యి వెయ్యండి

వస్తువును తెల్లటి పాత దుప్పటి మీద పెట్టి, పగటి వెలుగులో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. పగుళ్లు, స్టిక్కర్లు, సంతకాలు, కుట్లు దగ్గర నుంచి తీయండి. ఏదైనా పాడైతే ముందు ఎలా ఉండేదో చెప్పేవి ఈ ఫోటోలే.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీకు కనబడుతున్నదాంట్లో మురికి ఏది, చరిత్ర ఏది? బ్యాటు ముఖం మీది ఎర్రటి బంతి గుర్తులు మురికి కాదు. హాండిల్ మీద ఒకే చోట నల్లబడ్డ చెమట మరక ఆ మనిషి బ్యాటు ఎలా పట్టుకునేవాడో చెబుతుంది. బొటనవేలి దగ్గర చెక్క కాస్త నున్నగా అరిగి ఉంటే అది కూడా అంతే. బంతి ఒకవైపు మెరుస్తూ, ఇంకోవైపు గరుగ్గా ఉంటే దాన్ని రెండువైపులా మెరిపించకండి, ఆ తేడా బౌలరు చేత్తో చేసింది. మురికి అంటే దుమ్ము, సాలెగూడు, బల్లి రెట్ట, బూజు, వంటింటి జిడ్డు. తీయాల్సింది వీటినే. అనుమానం వస్తే వదిలేయండి. మురికిని వచ్చే ఏడాదైనా తీయొచ్చు, తీసేసిన గుర్తును మళ్లీ పెట్టలేం.

కావలసినవి

మెత్తటి వెంట్రుకల పెయింటింగ్ బ్రష్షులు రెండు, కాటన్ బడ్స్, ఉతికిన పాత నూలు గుడ్డ, స్టేషనరీ షాపులో దొరికే తెల్లటి మెత్తని రబ్బరు, బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్, నైట్రైల్ గ్లవ్స్, మంచి మాస్కు. కుళాయి నీళ్లు వద్దు. మన బోరు నీళ్లలో ఉండే లవణాలు ఆరాక తెల్లటి చారలుగా మిగిలిపోతాయి. అవిసె నూనె, కొబ్బరి నూనె, వాసెలిన్, శాండ్ పేపరు, ఫర్నిచర్ స్ప్రే, సూపర్ గ్లూ పక్కన పెట్టండి.

మొదటి పని: పురుగు ఉందేమో తేల్చుకోండి

అటక నుంచి దించిన వస్తువును నేరుగా మిగతా సామాన్ల మధ్య పెట్టకండి. చెక్క మీద గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలుంటే అది పుచ్చు. అయితే ఆ రంధ్రం పురుగు బయటికి వెళ్లిపోయిన దారి మాత్రమే. లోపల ఇంకా ఉందా లేదా అన్నది రంధ్రం చెప్పదు. బ్యాటును బ్రష్షుతో దులిపి, నల్ల చార్టు కాగితం మీద పెట్టి, రెండు వారాలు కదపకుండా వదిలేయండి. కాగితం మీద పిండిలాంటి లేతరంగు పొడి కొత్తగా రాలి ఉంటే పురుగు బతికే ఉంది. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. మరీ మెత్తగా ఉంటే, బ్యాట్లు చేసే విల్లో లాంటి చెక్కల్లో చేరే పొడి పురుగు అనుకోవచ్చు. బెత్తం హాండిల్ కూడా దానికి ఇష్టమైన తిండే.

మందు కొట్టడం కంటే చల్లబరచడం మేలు. వస్తువును నూలుగుడ్డలో చుట్టి, పాలిథీన్ కవరులో పెట్టి, లోపలి గాలి వీలైనంత బయటికి నొక్కేసి టేపుతో మూసేయండి. మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో రెండు వారాలు ఉంచాలి. పూర్తి బ్యాటు మామూలు ఫ్రిజ్‌లో పట్టదు, ఐస్‌క్రీమ్ షాపువాళ్ల పొడవాటి డీప్ ఫ్రీజరు అయితే పడుతుంది. తెలిసినవాళ్లుంటే అడగండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. ఒక రోజంతా గదిలో అలాగే ఉంచితే చెమ్మ కవరు పైన పడుతుంది, చెక్క మీద పడదు. రంగు పూత ఉన్నవాటికి, సంతకాల మీద వార్నిష్ ఉన్నవాటికి, గట్టిగా బిగించిన తీగలున్న రాకెట్లకు ఈ పద్ధతి వద్దు.

కలరా ఉండలు చెక్కకో, తోలుకో తగిలేలా పెట్టకండి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, రబ్బరు గ్రిప్పును అవి మెత్తబరుస్తాయి. వేపాకు పచ్చిదైనా, ఎండుదైనా నేరుగా తగిలితే మరక పడుతుంది.

చెక్క: పొడిగా మొదలుపెట్టండి

పనిలో ముప్పావు వంతు పొడి బ్రష్షుతోనే అయిపోతుంది. చెక్క నార ఎటు పోతుందో చూసుకుని, అదే దిశలో పైనుంచి కిందికి దులపండి. వాక్యూమ్ క్లీనరు ఉంటే దాని మూతికి దోమతెర గుడ్డ కట్టి, తక్కువ వేగంలో, బ్రష్షు లేపిన దుమ్మును లాగనివ్వండి. పైపును చెక్కకు ఆనించొద్దు. ఊడిపోతున్న స్టిక్కరు ముక్కను ఆ గుడ్డ ఆపుతుంది.

దుమ్ము పోయాక జిడ్డు మిగిలితే తెల్ల రబ్బరును తురిమి ఆ తురుమును వేలితో మెల్లగా తిప్పండి. తురుము నల్లబడుతుంది, దాన్ని దులిపేయండి. సంతకం, ముద్ర, స్టిక్కరు ఉన్నచోట ఇది కూడా వద్దు.

ఇంకా అవసరమైతేనే తడి. కాటన్ బడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, గుడ్డకు అద్ది, దాదాపు ఆరిపోయినట్టు చెయ్యండి. బ్యాటు అడుగునో, హాండిల్ వెనకో ఎవరికీ కనబడని చోట ముందు పరీక్షించండి. రంగు బడ్‌కి అంటితే అక్కడే ఆపండి. అంటకపోతే బడ్‌ను రుద్దకుండా దొర్లించండి. ఒక్కసారి దొర్లించగానే అది గోధుమ రంగుకు వస్తుంది. దాన్ని పారేసి కొత్తది తీసుకోండి, వాడినదాన్ని మళ్లీ ముంచితే మురికిని ఇంకో చోటికి మోసుకెళ్లినట్టే. రూపాయి బిళ్లంత చోటు పూర్తిచేసి, పొడిగుడ్డతో అద్ది, పక్కచోటికి వెళ్లండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ, ఇలాంటి మొండి జిడ్డుకు మ్యూజియం పనివాళ్లు సొంత లాలాజలాన్నే బడ్‌కి అద్దుకుని వాడతారు. అందులోని ఎంజైములు ఉత్త నీటికి కరగనివాటిని కూడా కదిలిస్తాయి. మీరు చేస్తే బడ్‌ను రెండోసారి నోట్లో పెట్టకండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ బడ్‌తో ఒకసారి తుడిచేయండి.

సంతకాలున్న బ్యాటు అయితే స్పిరిట్, శానిటైజరు, నెయిల్ పాలిష్ రిమూవరు దాని దరిదాపుల్లో కూడా ఉండకూడదు. మార్కరు సిరా ఆల్కహాలు తగిలిన క్షణంలో కరిగిపోతుంది.

నూనె ఎందుకు వద్దంటున్నానంటే

అవిసె నూనె గాలి తగిలి గట్టిపడే నూనె. ఆడే బ్యాటులో అది చెక్క మరీ ఎండిపోకుండా కాపాడుతుంది, బంతి దెబ్బకు పెచ్చులు లేవకుండా చూస్తుంది. షోకేసులో బంతి దెబ్బ లేదు. మిగిలేది నూనె వల్ల వచ్చే నష్టమే: చెక్క ఏటేటా ముదురు రంగుకు తిరుగుతుంది, ఎక్కువైన నూనె జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది, సిరా పాకుతుంది. ఒకసారి లోపలికి ఇంకి గట్టిపడ్డ నూనెను చెక్కకు హాని లేకుండా మళ్లీ తీయలేం. ఆడేవాళ్లు కూడా హాండిల్ బ్లేడులోకి దిగే ఆ వి ఆకారపు అతుకు దగ్గర నూనె రాయరు, జిగురు వదులవుతుందని. ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించినది. ఏ పనికైనా అవిసె నూనె వాడిన గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యకండి. అది ఆరేటప్పుడు పుట్టే వేడికి తనంతట తానే అంటుకోగలదు. నీళ్లలో తడిపి, బయట పరిచి ఆరనిచ్చాకే పారేయాలి.

పాత నూనె పూత, వార్నిష్ పూత ఉన్న చెక్కకు పలచటి రక్షణ కావాలంటే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే మైనం వాడండి. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో తయారైన రినైసెన్స్ వ్యాక్స్ ఇలాంటిదే, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బఠాణీ గింజంత చాలు, బ్యాటంతా వస్తుంది. కాసేపాగి మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. పూత లేని ఉత్త విల్లో మీద, సంతకాల మీద మాత్రం వ్యాక్స్ కూడా వద్దు, అలాగే వదిలేయండి.

పగుళ్లను నింపాలని చూడొద్దు. సూపర్ గ్లూ పగులు చుట్టూ పాకి, గట్టిపడి, చెక్కతో ఒకటైపోతుంది. పెచ్చు ఊడిపోయేలా ఉంటే దాని చుట్టూ వెడల్పాటి నూలు టేపు వదులుగా కట్టి ఉంచండి. గమ్ టేపు, సెల్లోటేపు వద్దు. ఊడిన ముక్క ఉంటే చిన్న కవరులో వేసి వస్తువుతో పాటే దాచండి.

గ్రిప్పు, దారం

హాండిల్ చుట్టూ ఉన్న దారం తెగి వేలాడుతుంటే కత్తిరించకండి. అదే చుట్టులోకి తిప్పి, సన్నటి నూలుదారంతో ఒక ముడి వేసి ఆపండి. పాత రబ్బరు గ్రిప్పు రెండు రకాలుగా పాడవుతుంది: బంకలా కారుతుంది, లేదా గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది. దానికి చికిత్స లేదు. బంకగా ఉంటే పాలిథీన్ కాదు, సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం చుట్టండి, అంటుకోదు. రబ్బరు నుంచి వచ్చే గంధకం వెండిని, రాగిని నల్లబరుస్తుంది. కాబట్టి గ్రిప్పున్న బ్యాటును, వెండి కప్పును ఒకే అద్దాల పెట్టెలో పెట్టకండి.

తోలు: ఇక్కడే ఎక్కువ ఓపిక కావాలి

తోలును ముట్టుకునే ముందు ఒక పరీక్ష చెయ్యండి. గ్లవ్ తొడుక్కున్న వేలితో ఒక మూల మెల్లగా రాయండి. ఇటుకపొడి లాంటి ఎర్రపొడి అంటిందా? అది తోలు లోపలి నుంచే కుళ్లిన లక్షణం. చెట్టుబెరడుతో ఊనిన పాత తోళ్లకు, గాలిలోని గంధకపు పొగల వల్ల, ఏళ్ల తరబడి ఆమ్లం పేరుకుని ఇది వస్తుంది. పాత ఫుట్‌బాళ్లు, బెల్టులు, బ్యాగులకు ఎక్కువ. ఇలాంటి తోలుకు నీళ్లు తగిలితే ఆ చోటు నల్లబడి బిగుసుకుపోతుంది, మళ్లీ మామూలు కాదు. అందుకే నీళ్లు, సబ్బు, పాలిష్, క్రీము అన్నీ బంద్. ఆల్కహాలులో కలిపిన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే జిగురు లాంటి పదార్థం పూతతో పొడి రాలడాన్ని ఆపవచ్చు, కానీ ఆ పని చేయి తిరిగినవాళ్లు చేయాలి. లక్నోలో 1976లో మొదలైన జాతీయ పరిరక్షణ పరిశోధనాలయం ఇలాంటి పనికే ఉంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా పరిరక్షణ ప్రయోగశాల ఉంది. ఎవరిని సంప్రదించాలో అక్కడ అడగొచ్చు. అప్పటిదాకా వస్తువును నూలుగుడ్డ సంచిలో పెట్టి కదపకుండా ఉంచండి.

పొడి రాలకపోతే తోలు గట్టిగా ఉన్నట్టే. మెత్తటి బ్రష్షుతో దులపండి. కుట్ల మధ్య బ్రష్షు కొనతో, కుట్టు వెంబడే వెళ్లండి, అడ్డంగా కాదు. క్రికెట్ బంతి ఆరు వరసల కుట్లలో ఇరుక్కున్న పిచ్ మట్టిని నేనైతే వదిలేస్తాను. అది ఏ గ్రౌండు మట్టో ఎవరికైనా చెప్పగలిగితే ఇంకా మంచిది. బంతి ఎర్రరంగు తడికి కరిగి తెల్లదారాలను గులాబీ చేస్తుంది కాబట్టి తడి బడ్ వాడకండి.

తోలు మీద తెల్లటి పొర కనబడితే అది బూజు కావచ్చు, లోపలి కొవ్వు పైకి వచ్చి పేరుకున్నదీ కావచ్చు. హెయిర్ డ్రయ్యరును దూరంగా పట్టి గోరువెచ్చటి గాలి కాసేపు తగలనివ్వండి. కరిగి మాయమైతే కొవ్వు, మెత్తటి గుడ్డతో తుడిచేయొచ్చు. అలాగే ఉంటే బూజు. బూజును ఇంట్లో దులపకండి. ముందు గాలి ఆడే పొడి చోట, నీడలో ఆరనివ్వండి. తడిగా ఉన్న బూజు తుడిస్తే లోపలికి పులుముకుంటుంది. ఆరాక మాస్కు వేసుకుని బయట, గాలి మీ వైపు కాకుండా అటు వీచేలా నిలబడి దులపండి. ఎండలో మాత్రం పెట్టకండి.

కొబ్బరి నూనె గురించి ఒక మాట. చెప్పులకూ, జీన్లకూ రాసిన అలవాటుతో చాలా ఇళ్లలో గ్లవ్స్‌కీ, బంతికీ రాస్తారు. అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి చలికాలం ఉదయాల్లో తోలు మీద తెల్లగా తేలుతుంది. వేసవిలో కరిగి దుమ్ము పట్టుకుంటుంది. ఏళ్లు గడిస్తే మక్కు వాసన వస్తుంది, పురుగు చేరుతుంది. షోకేసులో తోలు వంగాల్సిన పని లేదు, కాబట్టి మెత్తబరచాల్సిన పనీ లేదు.

పాత ప్యాడ్ల తెల్లపూత నీటికి కరిగే సుద్ద లాంటిది. పొడి బ్రష్షు తప్ప ఇంకేదీ వద్దు, కొత్తగా తెల్లరంగు వెయ్యడం అసలే వద్దు. ఇత్తడి బకిల్స్ చుట్టూ పచ్చటి మైనం లాంటిది కనిపిస్తే అది తోలులోని కొవ్వుకూ లోహానికీ జరిగిన రసాయన చర్య. టూత్‌పిక్‌తో గీకి తీసి, బకిల్‌కీ తోలుకీ మధ్య చిన్న పాలిస్టర్ షీటు ముక్క పెట్టండి.

ఫుట్‌బాల్‌కి గాలి కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. లోపలి బ్లాడరు, అంటే గాలి నింపే రబ్బరు తిత్తి, ఎండిపోయి ఉంటుంది, పైన కుట్లు అలిసిపోయి ఉంటాయి. లేసు ఇంకా వంగుతుంటేనే విప్పి, బ్లాడరు తీసి, దిండులో నింపే తెల్ల పాలిస్టర్ దూదిని చిన్న చిన్న ఉండలుగా లోపలికి పంపండి. ఆకారం వచ్చేదాకా చాలు, బిగుతు వద్దు. తీసిన బ్లాడరును పారేయకుండా పేరు రాసి విడిగా దాచండి. లేసు బిగుసుకుపోయి ఉంటే దాని జోలికి పోకుండా, నూలుగుడ్డ చుట్టిన రింగు మీద బంతిని కూర్చోబెట్టండి.

చెక్క రాకెట్‌కి, అది వంగకుండా బిగించి పట్టే నాలుగు మరల ప్రెస్సు ఉంటే ప్రదర్శనలో కూడా అందులోనే ఉంచండి, మరలు మాత్రం వదులు చెయ్యండి. గట్ (జంతువుల పేగు) తీగలు బిగుతుగా ఉండి ఫ్రేము వంగుతుంటే తీగలు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి కత్తిరించాల్సి రావొచ్చు. ఆ నిర్ణయం ఫోటోలు తీశాకే.

ఎక్కడ పెట్టాలి

శుభ్రం చేయడం కంటే ఇదే ముఖ్యం. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకూ తోలుకూ హాయి. 65 దాటితే బూజు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలంలో 80 దాటడం మామూలే. తెలంగాణలో వేసవి మధ్యాహ్నాలు 30 కంటే కిందికి దిగుతుంది, అప్పుడు చెక్క అడ్డంగా కుంచించుకుని చీలుతుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కొని షోకేసులో పెట్టండి. అంకె మరీ సరిగ్గా ఉండాలని టెన్షన్ పడక్కర్లేదు, ఒక్కసారిగా ఎక్కి దిగకుండా ఉంటే చాలు. రాత్రి ఏసీ, పగలు కిటికీ తెరిచే గది అందుకే మంచిది కాదు. వాన తగిలే బయటి గోడ, వంటింటి గోడ, బాత్రూము గోడ కూడా వద్దు. కోస్తాలో ఉంటే మూత బిగుతుగా పడే అద్దాల పెట్టె, అందులో తేమ పీల్చే నారింజ రంగు సిలికా జెల్ సంచులు పెట్టండి. రంగు మారితే ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర ఎండబెట్టి మళ్లీ వాడొచ్చు.

వెలుతురు తగ్గించండి. రంగు వేసిన తోలుకు 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదంటారు, ఫోనులో లక్స్ మీటరు యాప్‌తో సుమారుగా చూసుకోవచ్చు. కిటికీ ఎండ పడే చోట పెట్టిన బంతి ఒకవైపు ఎరుపు, ఒకవైపు మట్టిరంగు అవుతుంది. వేడెక్కే హాలోజెన్ బల్బు కాకుండా ఎల్ఈడీ పెట్టి, చూసేటప్పుడే వెయ్యండి.

కొత్తగా చేయించిన ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) షోకేసులో వెంటనే పెట్టకండి. దాని జిగురు నుంచి వచ్చే ఆవిర్లు తోలుకూ లోహానికీ మంచివి కావు. తలుపులు తెరిచి కొన్ని వారాలు వాసన పోనిచ్చి, అరల మీద ఉతికిన తెల్ల నూలుగుడ్డ పరవండి. బ్యాటును మేకుకు దారంతో వేలాడదీయడం, రబ్బరు బ్యాండుతో కట్టడం వద్దు. గుడ్డ చుట్టిన రెండు కొక్కాలు, ఒకటి భుజాల కింద, ఒకటి అడుగున పెడితే బరువు సమంగా పడుతుంది.

ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యే ముందూ, చలి మొదలయ్యాకా పెట్టె తెరిచి చూడండి. కింద నల్ల కాగితం ముక్క ఒకటి ఎప్పుడూ ఉంచండి. పొడి రాలిందా, తోలు వాసన మారిందా, బంక కారిందా గమనించి, తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకంలోనే మొదటి పేజీలో ఆ వస్తువు ఎవరిది, ఏ ఊళ్లో, ఏ జట్టుకు, సుమారుగా ఏ ఏళ్లలో ఆడారు, దాని మీది సంతకాలు ఎవరివి అన్నది పెద్దవాళ్లను అడిగి పెన్సిలుతో రాయండి. వాళ్లు చెప్పిన మాటలు వాళ్లు చెప్పినట్టే రాయండి. చీటీని వస్తువుకు మాత్రం అతికించకండి, పక్కన పెట్టండి.